ట్రోజన్ గుర్రం కార్డెక్కితే: గ్రీకు పురాణాలను 'మేజిక్' గేమ్ ఎలా వాడుకుంది?

ట్రోజన్ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వైరస్. క్రాక్ వెర్షన్ గేమ్ ఏదో డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ కొట్టగానే యాంటీవైరస్ ఎర్ర అక్షరాల్లో చూపించే పేరు అది. దాని వెనక ఒక చెక్క గుర్రం ఉందని, ఆ గుర్రం కడుపులో సైనికులు దాక్కున్నారని తెలిసేది చాలా తర్వాత. మా తమ్ముడికైతే ఆ సంగతి ఒక కార్డు వల్ల తెలిసింది.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. ఇంటర్ సెకండియర్. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పోయినేడు వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు వాడి ఫోన్‌లో 'మేజిక్: ది గేదరింగ్ అరీనా' ఎక్కించి, ఎలా ఆడాలో నేర్పిద్దామని కూర్చున్నా. అరగంటలో చేతులెత్తేశాడు. "అన్నా, ఇది గేమా, ఇంగ్లిష్ పరీక్షా? ప్రతి కార్డు మీదా ఒక పేరాగ్రాఫ్ ఉంది" అన్నాడు. నా ముందే అన్‌ఇన్‌స్టాల్ చేసేశాడు. నాకు కొంచెం మనసు చివుక్కుమంది, కానీ వాడి మాటలో తప్పేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫోన్లలో చార్జింగ్ అడుగంటింది. డాలస్‌లో ఉండే ఫ్రెండ్ సెలవులకు వస్తూ తెచ్చిచ్చిన పాత మేజిక్ కార్డుల కట్ట ఒకటి నా బ్యాగులో ఉంది. అందులో ఎక్కువ 'థీరోస్' సెట్‌వి. బొమ్మలు బాగున్నాయని తిరగేస్తూ తిరగేస్తూ వాడు ఒక కార్డు దగ్గర ఆగిపోయాడు. పేరు 'అక్రోయన్ హార్స్'. ఖరీదు 4 మానా. బలం 0, ఓర్పు 4. దాడి చేయడం దానికి చేతకాదు. పైగా, బల్ల మీదికి రాగానే దాన్ని ప్రత్యర్థి చేతిలో పెట్టేయాలి.

"తప్పు ప్రింటయిందా అన్నా? నా మానా ఖర్చు పెట్టి, నా కార్డు వాడికివ్వడమేంటి?"

రెండు నిమిషాల్లో ట్రాయ్ కథ చెప్పా. పదేళ్ల యుద్ధం, లొంగని కోట, గ్రీకులు బీచ్‌లో వదిలేసి వెళ్లిన గుర్రం, దాన్ని బహుమతి అనుకుని లోపలికి లాక్కెళ్లిన ట్రాయ్ జనం. "ఇప్పుడు రెండో లైన్ చదువు" అన్నా. గుర్రం ఎవరి దగ్గరుంటే వాళ్ల ప్రతి టర్న్ మొదట్లో వాళ్ల ప్రత్యర్థులకు ఒక్కో 1/1 సైనికుడు వస్తాడు. వాడు రెండు క్షణాలు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "గుర్రంలోంచి మనోళ్లు దిగుతున్నారు!"

ఆ కార్డు మీది రూల్ వాడు మళ్లీ చదవలేదు. చదవాల్సిన అవసరం పడలేదు.

ఈ ఆర్టికల్ రాయడానికి కారణం ఆ మధ్యాహ్నమే. ఫాంటసీ గేముల్లో పురాణాలు వాడుకోవడం కొత్తేం కాదు. ఏ యాప్ స్టోర్‌లో చూసినా పిడుగు పట్టుకున్న జూస్, పాముల జుట్టు మెడూసా కనిపిస్తారు. చాలా గేముల్లో అవి బొమ్మలు మాత్రమే. జూస్‌ని తీసేసి అక్కడ రోబోని పెట్టినా ఆట మారదు. థీరోస్ తయారుచేసినవాళ్లు కథను బొమ్మలో కాకుండా రూల్‌లోకి ఎక్కించారు. అదెలా చేశారో ఓ లుక్కేద్దాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు

మేజిక్: ది గేదరింగ్ 1993లో వచ్చింది. డిజైనర్ రిచర్డ్ గార్ఫీల్డ్, కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్. ఇద్దరు ఆటగాళ్లు, చెరో 20 లైఫ్. ల్యాండ్ కార్డులు మానా ఇస్తాయి, ఆ మానాతో క్రీచర్లను దించాలి, మంత్రాలు వేయాలి. రంగులు ఐదు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. క్రీచర్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది కొట్టే బలం, రెండోది తట్టుకునే ఓర్పు. ఈ ఆర్టికల్‌కి ఇంత తెలిస్తే సరిపోతుంది.

కథలు అరువు తెచ్చుకోవడం ఈ గేమ్‌కి పుట్టుకతో వచ్చిన అలవాటే. మొదటి ఎక్స్‌పాన్షన్ 1993 డిసెంబర్‌లోనే వచ్చింది. దాని పేరు అరేబియన్ నైట్స్. అల్లాదీన్ దీపంతో సహా అన్నీ సొంత పేర్లతోనే వచ్చేశాయి. థీరోస్ మాత్రం 2013 సెప్టెంబర్‌లో వచ్చింది. 2014లో 'బోర్న్ ఆఫ్ ది గాడ్స్', 'జర్నీ ఇంటు నిక్స్' అనే రెండు సెట్లు దాన్ని పూర్తి చేశాయి. 2020 జనవరిలో 'థీరోస్ బియాండ్ డెత్' పేరుతో మళ్లీ అదే లోకానికి వెళ్లారు.

థీరోస్‌లో పొసైడన్ లేడు, థాసా ఉంది. హేడీస్ లేడు, ఎరెబోస్ ఉన్నాడు. కొలిమి దేవుడు హెఫెస్టస్ చోట పుర్ఫొరోస్, వేట దేవత ఆర్టెమిస్ చోట నైలియా. స్పార్టాని గుర్తుచేసే అక్రోస్, ఏథెన్స్‌ని గుర్తుచేసే మెలెటిస్ అనే నగరాలున్నాయి. పేర్లు మార్చడం వల్ల చేతులు ఫ్రీ అయ్యాయని నా లెక్క. గ్రీకుల ఒలింపస్‌లో ప్రధాన దేవతలు పన్నెండు మంది, మేజిక్‌లో రంగులు ఐదు. పొసైడన్ అని పేరు పెడితే గుర్రాలు, భూకంపాలు, త్రిశూలం అన్నీ ఒకే రంగులో ఇరికించాలి. థాసాకి ఆ బాధ లేదు. ఆమె ఆయుధానికి మూడు మొనలు కూడా లేవు, రెండే. జూస్‌నైతే ముక్కలు చేసి పంచేశారు. రాజరికం, అహంకారం సూర్యదేవుడు హీలియోడ్‌కి వెళ్లాయి, పిడుగులు కెరనోస్‌కి పోయాయి. ఎవరి రంగు వాళ్లది.

కథలో క్రియ ఏంటి?

మేజిక్ డిజైనర్లు దీన్ని టాప్-డౌన్ డిజైన్ అంటారు. ముందు రూల్ కనిపెట్టి తర్వాత బొమ్మ అతికిస్తే బాటమ్-అప్. ముందు కథ తీసుకుని దానికి తగ్గ రూల్ వెతికితే టాప్-డౌన్. హెడ్ డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన 'ట్వంటీ ఇయర్స్, ట్వంటీ లెసన్స్' అనే టాక్‌లో దీని గురించి వివరంగా మాట్లాడాడు. ఆటగాడి బుర్రలో ముందే ఉన్నదాన్ని వాడుకోమంటాడు. అక్కడ ఆయనిచ్చిన ఉదాహరణ మనందరం ఆడిన 'ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్'. మొక్కలు కదలవు, జాంబీలు మెల్లగా నడుస్తాయి. ఈ రెండూ ఎవరూ చెప్పక్కర్లేదు. టవర్ డిఫెన్స్ గేమ్‌కి ట్యుటోరియల్‌లో సగం అక్కడే అయిపోయింది.

థీరోస్ కార్డుల్ని చూస్తే నాకు కనిపించేది ఇంకొంచెం సూటిగా ఉంటుంది. కథలో నామవాచకాన్ని వదిలేసి క్రియను పట్టుకున్నారు. గుర్రం అనేది నామవాచకం. 'శత్రువుకి ఇవ్వడం', 'లోపల్నుంచి దిగడం' క్రియలు. రూల్ ఆ క్రియల్లోంచి పుట్టింది.

ఇంకో కార్డు చూడండి, 'చెయిన్డ్ టు ద రాక్స్'. నిప్పు దొంగిలించి మనుషులకిచ్చినందుకు ప్రొమీథియస్‌ని జూస్ కాకసస్ కొండకి గొలుసులతో కట్టేయిస్తాడు. రోజూ ఒక గద్ద వచ్చి కాలేయం తింటుంది. కార్డు ఖరీదు ఒకే ఒక్క తెల్ల మానా. శత్రువు క్రీచర్‌ని ఎంత పెద్దదైనా ఆట నుంచి తీసేస్తుంది. మరి అంత చవకగా ఎందుకిచ్చారు? ఎందుకంటే దాన్ని మీ కొండకి, అంటే 'మౌంటెన్' అనే ల్యాండ్‌కి, తగిలించాలి. మౌంటెన్ ఎరుపు రంగు వాళ్ల ల్యాండ్, కార్డేమో తెలుపు. రెండు రంగులూ ఆడేవాడికే పనికొస్తుంది. అవతలివాడు ఆ కొండని పగలగొడితే బందీ విడుదల. బ్యాలెన్సింగ్ కోసం పెట్టిన షరతు కూడా కథలోంచే వచ్చింది. ఇలాంటి కార్డు చూసినప్పుడే డిజైనర్ ఉద్యోగం మీద అసూయ కలుగుతుంది.

'హండ్రెడ్-హ్యాండెడ్ వన్' అయితే పక్కా జోకు. గ్రీకు కథల్లో నూరు చేతుల రాక్షసులుంటారు. ఆ కార్డు భీకర రూపం దాల్చాక, మామూలుగా అడ్డుకునే ఒక క్రీచర్‌కి అదనంగా మరో 99 క్రీచర్లను అడ్డుకోగలదు. 99 మంది దాడికి వచ్చే ఆట నేనైతే ఎప్పుడూ చూడలేదు. 5 అని రాసినా ఆటలో పెద్ద తేడా ఉండదు. కానీ 99 అని చదవగానే మొహం మీద నవ్వొస్తుంది, లెక్క కూడా సరిపోతుంది.

చచ్చినవాళ్లను నది దాటించే పడవవాడు కేరన్. వాడి కూలి కోసం గ్రీకులు శవం నోట్లో నాణెం పెట్టేవాళ్లు. థీరోస్‌లో వాడే ఏథ్రియోస్. మీ క్రీచర్ చచ్చిపోతే అది తిరిగి మీ చేతిలోకి వచ్చేస్తుంది, ప్రత్యర్థి 3 లైఫ్ కట్టి ఆపకపోతే. అంటే నది దాటించడానికి కూలి కట్టేది అవతలివాడు. ఒడిసియస్ మనుషుల్ని పందులుగా మార్చిన సర్సీ కథ 'కర్స్ ఆఫ్ ద స్వైన్' అయింది. ఎంత పెద్ద రాక్షసుడైనా సరే, అది పోయి 2/2 అడవిపంది మిగులుతుంది.

ఫెయిలైన రూల్‌కి భక్తి దొరికింది

నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇది. కొంచెం వివరంగా చెప్తా.

2008లో ఈవెన్‌టైడ్ అనే సెట్‌లో 'క్రోమా' అనే మెకానిక్ వచ్చింది. కార్డు పైన కుడి మూలలో మానా ఖరీదు ఉంటుంది కదా, అందులో రంగు గుర్తులు ఎన్నున్నాయో లెక్కపెట్టడం దాని పని. కొన్ని కార్డులు బల్ల మీదున్నవాటిని లెక్కపెట్టేవి, కొన్ని గ్రేవ్‌యార్డ్‌లో ఉన్నవాటిని, ఇంకోటి చేతిలోంచి చూపించినవాటిని. ఎందుకు లెక్కపెడుతున్నామో ఆటగాడికి అర్థమయ్యేది కాదు. రంగుకి రంగు, లెక్కకి లెక్క. జనం పెద్దగా పట్టించుకోలేదు, అక్కడితో మూలపడింది.

ఐదేళ్ల తర్వాత థీరోస్ చేస్తున్నప్పుడు ఇదే లెక్క మళ్లీ బయటికొచ్చింది. రెండు మార్పులు చేశారు. ఒకటి, ఇకపై బల్ల మీద నిలిచి ఉన్న కార్డుల్నే లెక్కపెట్టాలి. రెండు, పేరు 'డివోషన్'. అంటే భక్తి.

ఆ ఒక్క పేరుతో లెక్కకి అర్థం వచ్చేసింది. థీరోస్ లోకంలో జనం నమ్మకమే దేవుళ్లకి బలం. థాసా కార్డు వేశారనుకోండి, ఆమె వెంటనే క్రీచర్ కాదు. కంటికి కనిపించని శక్తిగా ఉంటుంది, ఆమె ఇచ్చే వరాలు మాత్రం పనిచేస్తుంటాయి. మీ బల్ల మీద నీలం గుర్తులు 5 చేరాయా, అప్పుడు 5/5 దేవతగా దిగి యుద్ధానికి వస్తుంది. ఆమె కార్డు మీద ఒక గుర్తు ఉంది కాబట్టి మిగతా నాలుగూ మీ సైన్యం తేవాలి. భక్తులు చచ్చి లెక్క తగ్గితే దేవత మళ్లీ అదృశ్యం. చావదు, ఎందుకంటే దేవుళ్లను నాశనం చేయడం కుదరదు.

మా తమ్ముడికి దీన్ని వివరించడానికి నాకు ఒక్క వాక్యం పట్టింది. "పాత పౌరాణికం సినిమాల్లో భక్తుడు తపస్సు చేస్తే చివర్లో దేవుడు ప్రత్యక్షమవుతాడు చూడు, అదే." గ్రీకు పేర్లు ఒక్కటీ తెలియని కుర్రాడికి గ్రీకు దేవత రూల్ అర్థమైపోయింది.

ఇక్కడో పిట్టకథ. డివోషన్ వచ్చాక ఆటగాళ్లు పాత కార్డుల్ని కొత్త కళ్లతో చూడటం మొదలుపెట్టారు. అదే ఏడాది అంతకుముందు సెట్‌లో వచ్చిన 'నైట్‌వీల్ స్పెక్టర్' అనే కార్డు ఖరీదులో మూడు రంగు గుర్తులుంటాయి. అప్పటిదాకా దాన్ని పెద్దగా ఎవరూ ఆడేవాళ్లు కాదు. ఇప్పుడది ఒక్కటే ముగ్గురు భక్తుల పెట్టు! 2013 అక్టోబర్‌లో డబ్లిన్‌లో జరిగిన ప్రో టూర్‌ను ఫ్రాన్స్ ఆటగాడు జెరెమీ డెజానీ గెలిచింది థాసా భక్తుల డెక్‌తోనే. నలుపు వైపు 'గ్రే మర్చంట్ ఆఫ్ ఆస్ఫొడెల్' అనే మామూలు కార్డు వచ్చింది. నల్ల భక్తి ఎంతుంటే ప్రత్యర్థి నుంచి అంత లైఫ్ లాగేస్తుంది. ఆస్ఫొడెల్ అంటే గ్రీకుల పాతాళంలో సాధారణ ఆత్మలు తిరిగే మైదానం. ఫ్యాన్స్ ఆ వ్యాపారికి ముద్దుగా 'గ్యారీ' అని పేరు పెట్టుకున్నారు. ఐదేళ్లు మూలనపడ్డ లెక్కే ఇదంతా.

ఎక్కడ బెడిసికొట్టింది

అన్నీ ఇంత బాగా కుదిరాయంటే అబద్ధం. పాము కాటుకి చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్లిన ఓర్ఫియస్ కథ తీసుకోండి. పైకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడొద్దన్నది షరతు. చివరి నిమిషంలో చూస్తాడు, ఆమె శాశ్వతంగా పోతుంది. ఆ కథ ఛాయతో 'రెస్క్యూ ఫ్రమ్ ది అండర్‌వరల్డ్' అనే కార్డుంది. మీ క్రీచర్ ఒకదాన్ని బలిస్తారు. గ్రేవ్‌యార్డ్‌లో ఉన్న ఇంకోదాన్ని ఎంచుకుంటారు. మీ తర్వాతి టర్న్ మొదట్లో ఇద్దరూ కలిసి తిరిగొస్తారు. దిగడం ఉంది, ఎదురుచూడటం ఉంది, ఇద్దరూ ఎక్కి రావడం ఉంది. వెనక్కి తిరిగి చూడటం లేదు! అదే కదా ఆ కథలో గుండెని పిండేది. కార్డుగా బాగుంటుంది కానీ ఓర్ఫియస్‌కి న్యాయం జరగలేదని నేనిప్పటికీ అంటాను. ఓడిపోవడం కోసం ఎవరూ కార్డు ఆడరు కాబట్టి కొన్ని విషాదాలు ఈ ఫార్మాట్‌లోకి రావేమో.

పెద్ద దెబ్బ మాత్రం 2020లో తగిలింది. థీరోస్ బియాండ్ డెత్‌లో 'ఎస్కేప్' అనే మెకానిక్ పెట్టారు. చచ్చిన కార్డుని గ్రేవ్‌యార్డ్ నుంచే మళ్లీ వేయొచ్చు, దానికి ఖరీదుగా అక్కడున్న మరికొన్ని కార్డుల్ని శాశ్వతంగా వదులుకోవాలి. పాతాళంలో బందీలైన టైటన్లు తప్పించుకు రావడం కథ. అలాంటి టైటన్ పేరు ఊరో. 3 మానాకే 6/6. చేతిలోంచి మొదటిసారి వేస్తే ఒక్క క్షణం కనిపించి మళ్లీ పాతాళంలోకి జారిపోతుంది. రెండోసారి, ఐదు వేరే కార్డుల్ని అక్కడ వదిలేసి, నిజంగా తప్పించుకుని వస్తుంది. కథగా చూస్తే అద్భుతం.

కానీ ఆ కనిపించిన ఒక్క క్షణంలోనే 3 లైఫ్, ఒక కార్డు, అదనంగా ఒక ల్యాండ్ వేసుకునే అవకాశం ఇచ్చేస్తుంది. తప్పించుకొచ్చాక దాడి చేసిన ప్రతిసారీ మళ్లీ అవే. చంపినా లాభం లేదు, ఇంకోసారి తప్పించుకుంటుంది. అరీనాలో ఆ రోజుల్లో ఆడినవాళ్లకి ఊరో కనిపించగానే 'కన్సీడ్' బటన్ మీదికి వేలు ఎలా వెళ్లేదో గుర్తుండే ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో స్టాండర్డ్ ఫార్మాట్‌లో దాన్ని నిషేధించారు. 2021 ఫిబ్రవరిలో పయనీర్, మోడర్న్, హిస్టారిక్‌లోనూ గేటు మూసేశారు. కథ కుదిరినంత మాత్రాన అంకెలు కుదరవు. టైటన్‌ని ఎవరూ ఆపలేరని కథలో రాయొచ్చు, కార్డు మీద రాస్తే అవతల కూర్చున్నవాడికి ఆట ఉండదు.

తెలియని కథైతే?

ఇక్కడ మనకి ఒక డౌట్ రావాలి. ట్రాయ్ గుర్రం అమెరికా కుర్రాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. మా తమ్ముడికి నేను చెప్పాల్సొచ్చింది. చెప్పేవాడు లేకపోతే?

ఈ దెబ్బ విజార్డ్స్ కంపెనీ అంతకుముందే తింది. 2004లో 'ఛాంపియన్స్ ఆఫ్ కమిగావా' పేరుతో జపాన్ జానపద కథల మీద సెట్ చేశారు. శ్రద్ధగానే చేశారు, మరీ లోతుకి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఆటగాళ్లకి పరిచయమే లేని దయ్యాలు, దేవతలు, పేర్లు. ప్రేక్షకుడికి తెలియని విషయాలు ఎక్కువైపోయాయని రోజ్‌వాటర్ తర్వాత చాలాసార్లు రాశాడు. మళ్లీ 2022లో 'నియాన్ డైనస్టీ'తో అక్కడికి వెళ్లినప్పుడు నింజాలు, నియాన్ లైట్లు, పెద్ద పెద్ద మెక్ రోబోలు ముందుపెట్టారు. ఈసారి జనం ఎగబడ్డారు.

మన సంగతికొస్తే, 2016లో 'కళాదేశ్' అనే సెట్‌లో ఇండియా రంగులు, చీరలు, గోపురాల్లాంటి భవనాలు కనిపిస్తాయి. అక్కడ దేవుళ్లు లేరు. ఇన్వెంటర్లు, యంత్రాలు, వాహనాలు. ఆ పేరు హిందీలో 'నల్లదేశం' అని కూడా వినిపిస్తుంది కదా, 2025లో వచ్చిన 'ఈథర్‌డ్రిఫ్ట్' నాటికి 'ఆవిష్కార్' అని మార్చేశారు. దేవుళ్లని ముట్టుకోకపోవడం తెలివైన పనే అని నా అభిప్రాయం. 2012లో 'స్మైట్' అనే గేమ్‌లో కాళీమాతని చూపించిన తీరు మీద అమెరికాలోని హిందూ సంఘం అభ్యంతరం చెప్పింది. అదే గేమ్‌లో జూస్ కూడా ఉన్నాడు, ఆయన గురించి అలాంటి గొడవ నేను వినలేదు. పొద్దున దండం పెట్టుకునే దేవుడికి '5/5, ఖరీదు 3 మానా' అని రాయడం వేరు, మ్యూజియంలో నిలబడ్డ దేవుడికి రాయడం వేరు.

మరి మనవాళ్లెవరైనా చేస్తే? ఈ ప్రశ్న నేను అడగలేదు, తమ్ముడే అందుకున్నాడు. కార్డులు కింద పెట్టేసి, "అన్నా, అభిమన్యుడు కార్డు చెప్పనా? వాడు దాడికెళ్తే ఎవరూ అడ్డుకోలేరు. కానీ ఆ దాడి అయ్యాక వెనక్కి రాడు" అన్నాడు. నిమిషం ఆగి, "అవతలివాడి దగ్గర సైంధవుడుంటే ఒక్కడే లోపలికెళ్తాడు, మిగతా క్రీచర్లు వెనకాల వెళ్లలేవు." నేను నోరు తెరిచి చూస్తుండిపోయా. సైంధవుడిలా అడ్డుపడ్డాడు అని మనం రోజూ అంటూనే ఉంటాం. ఆ రూల్ మన భాషలోనే రెడీగా ఉంది, కార్డు మీద అచ్చేయడమే తరువాయి. దేవుళ్ల జోలికి వెళ్లకుండా ఇలాంటి పాత్రలతో ఒక సెట్ చేయొచ్చనిపించింది. ఎవరైనా చేస్తే ముందు రివ్యూ నాదే.

ఆరంగుళాల తెర మీద

అరీనా ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకి పూర్తిస్థాయిలో వచ్చింది 2021 మార్చిలో. ఆడటం ఉచితం, తెలుగు లేదు. ఫోన్‌లో ఆడితే ఒక విషయం తెలుస్తుంది. బల్ల మీద పడ్డాక కార్డులో టెక్స్ట్ కనిపించదు. బొమ్మ, అంకెలు, చిన్న చిన్న ఐకాన్లు మాత్రమే ఉంటాయి. చదవాలంటే వేలితో నొక్కి పట్టుకోవాలి. మానిటర్ మీద ఆడేవాడికి ఇది చిన్న విషయం. బడ్జెట్ ఫోన్‌లో రెండు వైపులా పదేసి కార్డులున్నప్పుడు, పక్కన టైమర్ పరిగెడుతున్నప్పుడు ఇదే పెద్ద సమస్య. బొమ్మ చూడగానే రూల్ గుర్తొచ్చే కార్డులతో ఆడేవాడు ముందుంటాడు. అందుకే నేను కొత్తవాళ్లకి పవర్‌ఫుల్ డెక్ చెప్పను, కథ ఉన్న డెక్ చెప్తాను.

కరెంటొచ్చాక తమ్ముడు అరీనా మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. అక్రోయన్ హార్స్ పాత సెట్‌ది కాబట్టి, 2020 సెట్‌లోంచి 'ది అక్రోయన్ వార్' అనే సాగా కార్డు చూపించా. సాగా అంటే టర్న్‌కి ఒక అధ్యాయం చొప్పున జరిగే కార్డు. ట్రాయ్ యుద్ధం మొత్తం మూడు అధ్యాయాల్లో ఉంది. ఇంగ్లిష్ చదవొద్దు, పక్కన చెక్కినట్టున్న బొమ్మ చూసి నువ్వే ఊహించు అన్నా. ఆ వారం వాడు దాని మీదే పడ్డాడు.

వెళ్లిపోయే ముందురోజు రాత్రి డాబా మీద నాతో ఒక గేమ్ ఆడాడు. నా దగ్గర మంచి సైన్యం ఉంది, వాడి దగ్గర దాదాపు ఏమీ లేదు. అక్రోయన్ వార్ వేశాడు. మొదటి అధ్యాయం: నా బల్ల మీద అన్నిటికన్నా పెద్ద క్రీచర్‌ని ఎత్తుకెళ్లాడు. "హెలెన్ పోయింది అన్నా" అన్నాడు. రెండో అధ్యాయం: నా క్రీచర్లన్నీ దాడి చేసి తీరాలి, నాకు ఛాయిస్ లేదు. వెయ్యి ఓడలేసుకుని ట్రాయ్ మీదికి వెళ్లినట్టు అన్నీ వెళ్లాయి. ఎత్తుకెళ్లిన నా క్రీచర్‌నే అడ్డుపెట్టుకుని వాడు 4 లైఫ్‌తో బయటపడ్డాడు. మూడో అధ్యాయం: దాడి చేసి అలసిపోయి పడుకున్న ప్రతి క్రీచర్ తన బలమంత దెబ్బ తనకే కొట్టుకుంటుంది. నా సైన్యం వరసగా కూలిపోయింది.

మూడో అధ్యాయం అయ్యాక సాగా బల్ల మీద నుంచి పోతుంది. పోగానే, ఎత్తుకెళ్లిన క్రీచర్ నా వైపుకి తిరిగొచ్చేసింది. ఖాళీ బల్ల మీద అదొక్కటే నిలబడింది.

తమ్ముడు ఫోన్ వంక చూస్తూ, "అంటే హెలెన్ చివరికి ఇంటికొచ్చేస్తుందా అన్నా?" అనడిగాడు.

వచ్చేస్తుందిరా అన్నా. మళ్లీ షఫుల్ కొట్టమన్నాడు.